బాల్కనీ కింద లిల్లీ మడి

ఫుట్‌బాల్ లిల్లీ దుంప చేతిలోకి తీసుకుంటే పెద్ద ఉల్లిపాయను పట్టుకున్నట్టే ఉంటుంది. నాటడం కూడా పెద్ద విద్యేమీ కాదు. జానెడు గుంత తీసి, అడుగున గుప్పెడు ఇసుక పోసి, దుంపను నిలబెట్టి, మెడ మాత్రం పైకి కనిపించేట్టు మట్టి కప్పాలి. లోతుగా పాతేస్తే ఆకులొస్తాయి గానీ పువ్వు రాదు. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, అదీ మే నెల ఎండల్లో. ఒక్క కాడ మీద సన్నటి ఎర్ర పూలు లెక్కలేనన్ని విచ్చుకుని గుండ్రటి బంతిలా నిలబడతాయి. వారం పది రోజులుండి వాడిపోతాయి. ఆ పది రోజుల కోసం ఏడాదంతా కాచుకుని కూర్చునేవాళ్ళను చూసి నేను నవ్వేదాన్ని. తర్వాత నేనే వాళ్ళల్లో కలిశాను.

మాది గుంటూరు వైపు. మా ఆయన ఉద్యోగం గుజరాత్‌లో, సూరత్ పక్కన హజీరాలో, అందుకని కంపెనీ టౌన్‌షిప్పులో కాపురం. మాకిచ్చిన క్వార్టరు కింది అంతస్తు. వంటింటి గుమ్మం బయట నాలుగు మంచాలు పట్టేంత నేల ఉంది. మాకు ముందున్నవాళ్ళు అక్కడ స్కూటర్ పెట్టుకునేవారట, మట్టంతా నూనె మరకలు. నేను ఆ పై మట్టి తీసి పారబోయించి, నది ఇసుక కలిపించి, మడి కట్టాను. బదిలీ మీద వెళ్ళిపోతున్న విజయవాడ ఆవిడ ఒకరు తన పెరట్లోంచి పన్నెండు దుంపలు తవ్వి గోనెసంచిలో వేసి ఇచ్చింది. మా టౌన్‌షిప్పులో అదొక ఆనవాయితీ. వెళ్ళేవాళ్ళు మొక్కలు పంచేసి వెళతారు, లేకపోతే ఎస్టేట్ ఆఫీసువాళ్ళు వచ్చి మొత్తం చదును చేసేస్తారు. అలా పన్నెండు దుంపలూ జూన్‌లో మా మడిలో పడ్డాయి.

మా పై క్వార్టరులో ఉండే అబ్బాయి మా ఆయన డిపార్టుమెంటులోనే, మా ఆయన కింద పనిచేసేవాడు. గుజరాతీవాళ్ళు. అతను, భార్య, తల్లి. తల్లిని అందరూ బా అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. భావనగర్ జిల్లా మహువా వైపు పల్లెటూరావిడ. పెద్ద కొడుకు సూరత్ ఊళ్ళో వరాఛాలో వజ్రాలు సానబట్టే పనిలో ఉంటే, చిన్నకొడుకు దగ్గర గాలీ వెలుతురూ బాగుంటాయని ఇక్కడికి తెచ్చి పెట్టారు. మోకాళ్ళు రెండూ పోయాయి. లిఫ్టు లేదు. ఉన్నది ఒక్క అంతస్తే అయినా ఆవిడకు అది కొండే. పొద్దున్నే కోడలు ఆవిణ్ణి బాల్కనీలో కుర్చీలో కూర్చోబెడితే చీకటి పడేదాకా అక్కడే. ఆ బాల్కనీ సరిగ్గా నా మడి మీదకి ఉంది.

"బాకి టీవీ కూడా అక్కర్లేదు మేడమ్. మీ మడి చూస్తూ కూర్చుంటుంది" అంది కోడలు ఒకసారి మెట్ల దగ్గర కనబడి.

నేను నవ్వి ఊరుకున్నాను. లోపల మాత్రం ఒళ్ళు మండింది. నా మడి, నా దుంపలు, వీళ్ళకు టీవీ ఏమిటి?

నాకు ముక్కు మీద కోపం. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, నేనూ కాదనను. బయటివాళ్ళ దగ్గర మాత్రం ఆ కోపం కనబడనివ్వను. నవ్వుతూ తలూపుతాను, తర్వాత ఇంట్లోకొచ్చి గిన్నెల మీద చూపిస్తాను. బా విషయంలోనూ అదే జరిగింది. నేను మడిలోకి దిగానంటే చాలు, పైనుంచి ఆవిడ మొదలుపెట్టేది. ఇటు మట్టి ఎక్కువైందని, అటు గడ్డి పీకలేదని, ఆ చివరి దుంప లోతుగా దిగిందని. గుజరాతీ నాకు బాగానే అర్థమవుతుంది. మాట్లాడ్డం అంతగా రాదు. "హా బా, హా బా" అని పైకి చూసి నవ్వేదాన్ని. తల దించాక తెలుగులో గొణుక్కునేదాన్ని. "నీ దుంప తెగ, కూర్చున్నచోట కూర్చోవేమే తల్లీ!" అని కూడా అన్నాను ఒకరోజు, మంచి నవ్వు మొహంతో. ఆవిడ దాన్ని దీవెన అనుకుందో ఏమో, పైనుంచి చెయ్యెత్తి తనూ ఏదో దీవించింది.

వానాకాలమంతా ఆకులు ఏపుగా వచ్చాయి. అరటాకు పిల్లల్లా నిగనిగలాడుతూ ఉండేవి. నవంబరు వచ్చేసరికి అంచులు పసుపెక్కాయి. నాకు గాబరా పట్టుకుంది. నీళ్ళు చాలడం లేదేమోనని రెండు పూటలా పైపు పెట్టాను.

"పాణీ బంద్ కరో, దీకరీ!" అని పైనుంచి కేక. నీళ్ళు ఆపవే కూతురా అని.

రోజూ అదే కేక. ఆవిడ ఆపమన్న కొద్దీ నేను ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పట్టేదాన్ని. నా ఇంటి కుళాయి నేను ఎప్పుడు కట్టాలో ఆవిడ చెప్పేదేమిటి? మా ఆయన ఫస్ట్ షిఫ్టుకి వెళుతూ ఒకసారి ఇది చూసి, "పాపం పెద్దావిడ ఏదో చెబుతోంది, వినొచ్చుగా" అన్నాడు. ఆయనకు పెళ్ళాం తప్ప ప్రపంచంలో అందరూ పాపమే.

ఆకులు పూర్తిగా ఎండి పడిపోయాయి. మడి బోడిగా కనిపించేది. అప్పుడు మొదలైంది బూడిద. ఒక శనివారం పొద్దున్న తలుపు తీస్తే దుంపలున్న చోటల్లా తెల్లటి బూడిద. చుట్టూ గీసినట్టు పడి ఉంది. పక్కన ఖాళీ నేల మీద రేణువు లేదు. సరే, పైన దులిపారేమో అనుకున్నాను. మళ్ళీ శనివారం మళ్ళీ బూడిద, అదే వరసలో. మూడో వారం పైకి చూస్తే బా రెయిలింగు సందులోంచి చెయ్యి చాపి, చిన్న రేకు డబ్బాలోంచి గుప్పెడు గుప్పెడు తీసి, గురి చూసి వదులుతోంది. నన్ను చూసి బోసి నోటితో నవ్వింది కూడా.

శనివారం, బూడిద, ఇంటి గుమ్మం ముందు. మా వైపు ఈ మూడూ కలిస్తే ఎవరైనా ఏమనుకుంటారో వేరే చెప్పాలా? నేను బీఎస్సీ చదివాను. ఇలాంటివి నమ్మనని నలుగురిలో చెప్పుకుంటాను. అయినా ఆ రోజు ఉప్పూ మిరపకాయలూ తీసి గుమ్మానికి దిష్టి తీశాను. ఫోనులో మా అక్కకు చెబితే "అమ్మో, ఊరుకోకే, ముదనష్టపు పని అది" అంది. ఆ ముక్క నాలో అలాగే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో మడి తవ్వి చూశాను. పన్నెండు దుంపల్లో ఏడు కుళ్ళిపోయాయి. వేలు పెడితే గుజ్జులోకి దిగింది, కంపు. మిగిలిన ఐదూ తీసి కిటికీ గట్టు మీద ఆరబెట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయంటే నవ్వుతారు గానీ తిరిగాయి. ఎనిమిది నెలలుగా కనిపెట్టుకుని ఉన్నాను. నా కంటికి బూడిద తప్ప ఇంకేమీ కనిపించలేదు.

సాయంత్రం మా ఆయన షూస్ విప్పకముందే చెప్పాను. "మీ కింద పనిచేసేవాడేగా, పిలిచి గట్టిగా చెప్పండి."

"అందుకే చెప్పను" అన్నాడు. "వాడు నాకు రిపోర్ట్ చేసేవాడు. ఇంటి గొడవ నేను నోరెత్తితే బాగుండదు. నువ్వే పైకెళ్ళి ఆవిణ్ణి అడుగు, ఎందుకు వేస్తున్నావమ్మా అని."

అడిగితే సరిపోయేది. పద్నాలుగు మెట్లు. నేను ఎక్కలేదు. మర్నాడు ఎస్టేట్ ఆఫీసుకెళ్ళి, పై క్వార్టరువాళ్ళు చెత్త, బూడిద కిందకి పోస్తున్నారు, మొక్కలు చచ్చిపోతున్నాయి, తగిన చర్య తీసుకోవలసింది అని కాగితం రాసిచ్చాను. కింద నా పేరు, పక్కన మా ఆయన పేరు, హోదా. అలా రాయడం అక్కడి పద్ధతి. ఆ హోదా చూస్తే ఎవరు ఎలా బెదురుతారో తెలియనంత అమాయకురాలిని కాదు నేను. తెలిసే రాశాను.

రెండు రోజుల్లో ఆ అబ్బాయి వచ్చాడు. మా గుమ్మంలో చెప్పులు విప్పి, చేతిలో ఘారీ మిఠాయిల డబ్బాతో నిలబడ్డాడు.

"సారీ మేడమ్. బా పెద్దదైపోయింది, తెలియక చేసింది. ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు హిందీలో. ముప్పై దాటిన మనిషి, స్కూల్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. డబ్బా తీసుకున్నాను. కూర్చోమనలేదు.

ఆ మధ్యాహ్నమే పై బాల్కనీకి రెయిలింగు అడుగు నుంచి కప్పు దాకా ఆకుపచ్చ ఫైబర్ షీటు బిగించారు. పురుగు కూడా దూరనంత గట్టిగా. బిగించడానికి వచ్చిన మనిషి పని అయ్యాక కింద పడిన బోల్టులు ఏరుకోవడానికి నా మడిలోకి వచ్చాడు. నేను ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విన్నట్టున్నాడు.

"మీరు తెలుగోళ్లా అమ్మా? జరన్ని మంచినీళ్లు ఇయ్యరాదుండ్రి."

ఇచ్చాను. జగిత్యాల దిక్కు మనిషట. సూరత్ దగ్గర జోల్వాలో పదేళ్ళు మరమగ్గాల మీద చేసి, ఆ మోతకు చెవులు మందగిస్తే ఈ పనికొచ్చాడట. చెవులు సరిగా వినబడవు కాబట్టి గట్టిగా మాట్లాడతాడు. నీళ్ళు తాగుతూ కిటికీ గట్టు మీది దుంపల్ని చూశాడు, మడిలోకి చూశాడు.

"ఈ బూడిద మీరే జల్లిన్రా?"

"పైనావిడ పోసింది" అన్నాను, చూడు దాని సంగతి అన్నట్టు.

"మంచిగ జల్లింది. పిడకల బూడిద గిది. మా అవ్వ గూడ ఉల్లిగడ్డ మడికి గిట్లనే జల్లుతుండె, పురుగు వట్టకుంట, మురగకుంట." వంగి, నేను పారేసిన కుళ్ళు దుంప ఒకటి తీసి వాసన చూశాడు. "చలికాలంల నీళ్లు వోసిన్రా?"

"పోశాను."

"అయ్యో! ఆకు వడిపోయినంక నీళ్లు బంద్ వెట్టాలె గదమ్మా. గప్పుడు గడ్డ పండుకుంటది. పండుకున్నదాని మీద నీళ్లు వోస్తే మురగదా మరి?"

ఉల్లిపాయలు పండించే మహువా నుంచి వచ్చిన మనిషి పైన కూర్చుని నాలుగు నెలలు కేకలేసింది అదే. ఈ మనిషి ఒక్క గ్లాసు నీళ్ళు తాగేలోపు చెప్పింది అదే.

"మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అన్నాను, ఎవరి మీదో తెలియని కోపంతో.

"నన్నెవలడిగిన్రు?" అన్నాడు. తర్వాత గ్లాసు చేతికిస్తూ, "పైన ముసలామెను కుర్సి జరుపమంటే జరుపలే అమ్మా. షీటు కొడుతున్నా గూడ సందులకెళ్లి కిందికే సూస్కుంట కూసున్నది" అన్నాడు.

ఇక్కడ నేను వెంటనే పరుగెత్తి పైకి వెళ్ళానని రాస్తే బాగుంటుంది. వెళ్ళలేదు. తప్పు నాదని తెలిశాక మెట్లు ఇంకా ఎక్కువైనట్టు అనిపించాయి. పది రోజులు ఇవాళ కాదు రేపు అనుకుంటూ గడిపాను. మిగిలిన ఐదు దుంపల్ని మళ్ళీ నాటాను, ఈసారి మెడ పైకి పెట్టి, చుక్క నీళ్ళు పోయకుండా. పైకి చూస్తే పచ్చటి షీటు. దాని వెనక కుర్చీ నీడ కదిలేది. పగలంతా ఆవిడ అక్కడే ఉండేది, ఏమీ కనిపించకపోయినా.

పదకొండో రోజున ఆ అబ్బాయి కంపెనీ బస్సు దిగుతుంటే ఎదురెళ్ళి చెప్పాను. "ఆ షీటు తీసేయించండి. నాకేం ఇబ్బంది లేదు. తప్పు నాదే."

"లేదు లేదు మేడమ్, బాకి అదే బాగుంది. దుమ్ము రావడం లేదు" అన్నాడు కంగారుగా. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే జవాబు. నేను మర్యాదకు అంటున్నానని, లేకపోతే పరీక్ష పెడుతున్నానని అనుకున్నాడు. అతని స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

ఇంట్లో మా ఆయన్ను పట్టుకున్నాను. "ఆ కాగితం కాపీ నా టేబుల్ మీదకి కూడా వచ్చింది" అన్నాడు. "ఇప్పుడు నేనేమన్నా అతనికి అది ఆర్డరే. పెట్టమన్నా ఆర్డరే, తియ్యమన్నా ఆర్డరే."

"అయితే ఆర్డరే వెయ్యండి."

వేశాడట. దానికి ఆ అబ్బాయి, సార్, మేము క్వార్టరు వదిలేస్తున్నాం, వరాఛాలో అన్నయ్య దగ్గరికి మారిపోతున్నాం, రోజూ బస్సులో వస్తాను, బా డాక్టరు కూడా అక్కడే దగ్గర అన్నాడట. మా ఆయన ఆ మాట చెప్పి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ చివర్లో వాళ్ళు వెళ్ళిపోయారు. బాను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మెట్లు దించారు. నేను వంటింటి కర్టెను వెనక నిలబడి చూశాను. నా మడి పక్కకు రాగానే ఆవిడ చెయ్యెత్తి కుర్చీ ఆపించింది. ముందుకు వంగి మట్టిలోకి చూసింది. అప్పటికి చూడ్డానికి ఏమీ లేదు, ఐదు మెడలు తప్ప. చాలాసేపు చూసింది. తర్వాత మా తలుపు వైపు చూసింది. కొడుకు తొందరపెట్టాడు. రోడ్డు మీద టెంపో ఇంజను ఆన్‌లో ఉంది. నాకూ ఆ తలుపుకూ మధ్య నాలుగడుగులుంటాయి. తియ్యలేదు. సిగ్గుతో చచ్చిపోతూ తియ్యలేదు, నమ్మండి, గర్వంతో కాదు. కానీ బయట నిలబడ్డవాళ్ళకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

మే రెండో వారంలో మట్టి చీల్చుకుని మొదటి మొగ్గ వచ్చింది. ఆకు లేదు, ఏమీ లేదు, ఒట్టి కాడ, దాని చివర బిగించిన పిడికిలి. వారంలో ఐదూ వచ్చాయి. ఐదూ విచ్చుకున్నాయి. టౌన్‌షిప్పులో వాకింగుకి వెళ్ళేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ "మీ చెయ్యి మంచిదండీ" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అన్నిట్లోకీ పెద్దదాన్ని వేళ్ళు కదలకుండా మట్టితో సహా లేపి కుండీలోకి మార్చాను. పూత మీదున్నదాన్ని కదిలించకూడదు, తెలుసు. ఇంకేం తీసుకెళ్ళాలో తోచలేదు. మా ఆయన అడ్రసు కనుక్కుని ఇచ్చాడు. ఒళ్ళో కుండీ పెట్టుకుని ఆటోలో వరాఛా వెళ్ళాను. దారంతా ఒక్క మాటే వల్లె వేసుకున్నాను. బా, కాగితం రాసింది నేనే. గుజరాతీలో, తప్పుల్లేకుండా.

నాలుగో అంతస్తు. లిఫ్టు ఉంది. గదిలో కిటికీ తీస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క బిల్డింగు గోడ, దాని మీద ఏసీ డబ్బాలు. బా మంచం ఆ కిటికీ పక్కనే వేశారు. పక్కింటి ఆడవాళ్ళిద్దరు వచ్చి వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నారు. నన్ను చూడగానే ఆవిడ మొహం ఎంత విచ్చుకుందంటే, నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

కుండీ మంచం మీదే పెట్టించుకుంది. పువ్వు జోలికి పోలేదు ముందు. మట్టిలో వేలు గుచ్చి చూసింది, మెడ తడిమింది, తడి సరిగ్గా ఉందని తలూపింది. అప్పుడు పువ్వు మీద అరచెయ్యి ఆనించింది.

"ఎన్ని నిలబడ్డాయి?"

"ఐదు, బా."

"ఐదు చాలు. వచ్చే ఏడు పిలకలు పెడతాయి."

గొంతు సవరించుకున్నాను. "బా, ఆ బాల్కనీ షీటు..."

"పావురాలు!" అంది ఆవిడ, చెయ్యి విదిలించి. "నా కొడుక్కి పావురాలంటే పడదు. నాకు ఒక్క మాట చెప్పకుండా బిగించేశాడు, మంచి వేళ చూసి! నువ్వేమనుకున్నావో, బా నన్ను వదిలేసిందని. రోజూ అనుకునేదాన్ని, కింద నా దీకరి ఒక్కతే అవస్థ పడుతోంది అని."

పక్కింటివాళ్ళ వైపు తిరిగింది. "ఈమే నేను చెప్పిన మద్రాసీ బేన్. నేనూ మా ఆయనా బతుకంతా ఒకరి నేలలో పాలికి చేసినవాళ్ళం. సొంత చెక్క ఎప్పుడూ లేదు. ఆఖర్న ఈమె నేల దొరికింది. పైనుంచి అరిచేదాన్ని, బూడిద పోసేదాన్ని, ఏం చేసినా నవ్వేది. ఒక్కసారి, ఒక్కసారైనా మొహం చిట్లించలేదు. ఇంకొకరైతే కొడుకు ఆఫీసులో చెప్పి గొడవ చేసేవాళ్ళు కారూ?"

వాళ్ళిద్దరూ నా వైపు చూసి మెచ్చుకోలుగా తలలూపారు. వల్లె వేసుకున్న మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడు కోడలు టీ కప్పుతో వచ్చి నాకూ ఆవిడకూ మధ్య నిలబడింది. నా కళ్ళల్లోకి చూసి, చాలా కొద్దిగా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. పావురాల సంగతి అల్లింది కొడుకు కాదు, ఈ అమ్మాయే అని నాకప్పుడు అర్థమైంది. నా కోసం అల్లలేదు, బా కోసం.

"చక్కెర సరిపోయిందా మేడమ్?" అని హిందీలో అడిగింది.

సరిపోయిందన్నాను. కప్పు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.